గోల్ బజార్‌లో గుప్పెడు టీపొడి

ఖరగ్‌పూర్ గోల్ బజార్‌లో ఏ టీపొడి కొట్టు ముందైనా ఓ పావుగంట నిలబడితే చాలు, ఈ ఊరికి ఎవరెవరు ఎక్కణ్నుంచి వచ్చారో తెలిసిపోతుంది. పంచె కట్టిన బెంగాలీ పెద్దమనిషి పొడుగాటి నల్లాకు అరచేతిలో పోయించుకుంటాడు. నోటి ఆవిరి తగిలేలా దాని మీద ఒకసారి ఊది, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఫ్లేవర్ ఉంది గానీ లికర్ లేదు" అని, అంటే వాసన ఉంది గానీ రంగూ చిక్కదనమూ లేవని, పెదవి విరుస్తాడు. ఆయన వెనక బిహారీ కుర్రాడు తన చాయ్ బండి కోసం రెండు కిలోల దానా తూయించుకుంటాడు. వాసన చూడడు, ధర మాత్రం రెండుసార్లు అడుగుతాడు. మూడో మనిషి మన శ్రీకాకుళం అమ్మ. సంచీ విప్పుతూనే చెప్పేస్తుంది: "డస్టే ఇయ్యి బాబూ. పాలు పోసినా రంగు నిలబడాల. పోయినారం ఇచ్చింది తేలిపోనాది." కొట్టతను బెంగాలీయో మార్వాడీయో అయి ఉంటాడు. ఆమెను "మాసీ" అని పిలిచి, వచ్చీరాని తెలుగులో "ఈసారి కడక్ ఇస్తా" అని ఇంకో డబ్బా మూత తీస్తాడు.

ఖరగ్‌పూర్ టీకి పేరుమోసిన ఊరేమీ కాదు. చుట్టుపక్కల తోటల్లేవు, వేలం కేంద్రం లేదు. వేల దుకాణాలున్న చైనా తేయాకు బజార్ల పక్కన గోల్ బజార్ పేరు ఎత్తడమే అతిగా అనిపించవచ్చు. కానీ టీ కొనడమనే విద్య మన దేశంలో ఎలా తయారైందో, అందులో మన నాలుకకు దక్కిన వాటా ఎంతో తెలుసుకోవాలంటే ఈ రైల్వే ఊరంత మంచి చోటు నాకు కనిపించలేదు. తేయాకు పెంచే ఉత్తరాదికీ, డస్టు తాగే తెలుగునాడుకూ మధ్య జంక్షన్ ఇదే.

రైలు తెచ్చిన మనుషులు, రైలు నేర్పిన అలవాటు

1887లో పుట్టిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడికి పట్టాలు తెచ్చేదాకా ఇది మిడ్నపూర్ జిల్లాలో ఎర్రమట్టి నేల. 1898-99లో స్టేషను వచ్చింది. 1900లో కోలాఘాట్ దగ్గర రూప్‌నారాయణ్ నది మీద వంతెన పూర్తయి, హౌరాకు దారి కలిసింది. 1902లో కటక్ నుంచి విజయనగరం, వాల్తేరు వైపున్న ఈస్ట్ కోస్ట్ మార్గం కూడా అదే కంపెనీ చేతికి వచ్చింది. దాంతో గంజాం, విశాఖపట్నం జిల్లాల వాళ్లకు ఖరగ్‌పూర్ వర్క్‌షాపు నేరుగా రైలెక్కి వెళ్లగలిగే పని చోటయింది. ఫిట్టర్లు, గ్యాంగ్‌మన్లు, ఫైర్‌మన్లు, క్లర్కులు వచ్చారు. వాళ్ల వెనక బావమరుదులు, మేనల్లుళ్లు వచ్చారు. మథురాకాటీ, నింపురా, ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్ అనే క్వార్టర్ల వరసల్లో తెలుగు మాట స్థిరపడింది. ఆ రైల్వే కార్మికుల తరఫున ఇక్కడి 1927 సమ్మెకు ముందు నిలిచినవాడు బరంపురంలో పుట్టిన మన వరాహగిరి వెంకటగిరి. తర్వాత రాష్ట్రపతి అయ్యాడు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు అందరి నోటా వచ్చిన పేరు ఖరగ్‌పూరే.

ఆ తొలితరం వాళ్లు ఊరి నుంచి టీ అలవాటు మోసుకొచ్చారనుకోవడానికి లేదు. ఉత్తరాంధ్ర పల్లెలో పొద్దున్నే కడుపులో పడేది అంబలి, గంజి, తరవాణి. అప్పటి బెంగాలీ పల్లెల్లోనూ టీ ఇంటి పానీయం కాదు. భారతదేశంలో పండిన తేయాకు ఓడలెక్కి లండన్ పోయేది. ఇక్కడి వాళ్లచేత తాగించాలన్న ఆలోచన తోటల యజమానులకు ఆలస్యంగా వచ్చింది. 1903లో టీ సెస్సు చట్టం తెచ్చారు. ఎగుమతి మీద వసూలైన ఆ సొమ్ముతో ప్రచారం మొదలైంది. ఆ ప్రచారానికి దొరికిన మంచి వేదిక రైల్వే ప్లాట్‌ఫాం. బెంగాల్ స్టేషన్లలో చిన్న కాంట్రాక్టర్లకు కెటిళ్లు, కప్పులు, పొట్లాలు ఇచ్చి అమ్మించారు. టీ ఎలా కాచాలో రాసిన బోర్డులు గోడలకు కొట్టారు. విశేషమేమిటంటే, ఆకు ఎక్కువ వేయండి, పాలు తక్కువ పోయండి అని టీ కంపెనీ వాళ్లు చెబుతుంటే, స్టేషనులో అమ్మే మనిషి దానికి సరిగ్గా ఎదురు చేశాడు. ఆకు ఖరీదు, నీళ్లు చవక, పాలూ చక్కెరా ఉంటే ఆకలికి ఆసరా. కంపెనీ లెక్క ఓడిపోయి అమ్మేవాడి లెక్క గెలిచింది. ఇవాళ దేశమంతా తాగుతున్న టీ ఆ ప్లాట్‌ఫాం టీయే.

వద్దన్నవాళ్లూ తక్కువ తినలేదు. రసాయన శాస్త్రవేత్త ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ టీని విషమనే రాశాడు. గాంధీజీ కూడా టీ ఆరోగ్యానికి మంచిది కాదన్నాడు. అయినా 1947 వచ్చేసరికి చిత్రకారుడు అన్నదా మున్షీ వేసిన పోస్టరులో రాట్నం వడికే స్త్రీ చేతిలోకి టీ కప్పు వచ్చేసింది. టీ నూరుపాళ్లు స్వదేశీ అని దాని సారాంశం. నిన్నటిదాకా దొరల తోటల సరుకు ఒక్క పోస్టరుతో ఖద్దరు పక్కన కూర్చుంది. ప్రచారం పని అలాగే ఉంటుంది.

ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం సంగతి వేరే చెప్పాలి. 1,072 మీటర్ల పైచిలుకు పొడవుతో చాలాకాలం ప్రపంచంలో మొదటి స్థానం దీనిదే. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాన్ని దాటాయి. క్విజ్ పోటీల్లో పేరు పోయినా, ఆ చివర నుంచి ఈ చివరకు నడిచేలోపు రెండు టీలు తాగవలసిన అవసరం మాత్రం పోలేదు. 2001 నుంచి 2003 దాకా ఇక్కడ టికెట్లు తనిఖీ చేసిన మహేంద్ర సింగ్ ధోనీ మీద తీసిన సినిమాలో కూడా ఈ స్టేషను కనిపిస్తుంది. మట్టి కప్పుల్లో పోసే చోట రెండో టీ అడగాలనిపించడం సహజం. తడిసిన మట్టి వాసన టీకి ఎంత కలిసొస్తుందో కాగితం కప్పు వాళ్లకు చెప్పినా అర్థం కాదు.

డబ్బాల మీది అక్షరాలు

ఇక కొట్టులోకి వెళ్దాం. బెంగాల్లో లూజు టీ కొట్టుకు ఒక పద్ధతి ఉంది. గోడ వెంట తగరపు డబ్బాలో, పెద్ద ప్లాస్టిక్ జాడీలో వరసగా ఉంటాయి. ఒకప్పటి ప్లైవుడ్ పెట్టెలు పోయి వాటి స్థానంలో కాగితపు బస్తాలు వచ్చాయి. ప్రతి డబ్బాకూ ధర చీటీ. దాని పక్కన బీఓపీ, బీపీ, పీఎఫ్, పీడీ అని అక్షరాలు. స్టేషన్ కోడ్‌లు కంఠతా వచ్చిన రైల్వే ఊళ్లో ఈ అక్షరాలకు ఎవరూ బెదరరు. కానీ వాటిని నాణ్యత మార్కులనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అవి ఆకు ముక్క సైజు చెప్పే గుర్తులు, అంతే. ఫ్యాక్టరీలో జల్లెళ్ల మీద జారుతున్నప్పుడు ఏ జల్లెడ మీద ఏది ఆగిందన్న లెక్క. బీఓపీ పెద్ద గింజ, పీఎఫ్ దానికన్నా చిన్నది, పీడీ, డస్టు అన్నిటికన్నా సన్నం. మంచి తోట డస్టు, నాసి తోట గింజకన్నా వెయ్యిరెట్లు నయం.

ఈ గింజలు పుట్టించిన యంత్రం సీటీసీ. ఆకును నలిపి, చీల్చి, చుట్టే పళ్ల రోలర్ల జత. 1930 ప్రాంతంలో అస్సాంలోని ఆమ్‌గురి తోటలో విలియం మెక్‌కర్చర్ తయారు చేశాడు. అంతకుముందు ఆకును మెల్లగా నులిమి చేసే ఆర్థడాక్స్ పద్ధతి ఒక్కటే. సీటీసీ గింజ వేడినీళ్లలో పడగానే రంగు దిగుతుంది, కిలోకు ఎక్కువ కప్పులు వస్తాయి, పాలు పోసినా లొంగదు. పాలలోని మాంసకృత్తులు టీలోని వగరును పట్టుకుని తగ్గిస్తాయి. పల్చటి టీకి పాలు పోస్తే అందుకే అది వేడి పాలలా మిగులుతుంది. డస్టు ఎంత సన్నగా ఉంటే నీటికి అంత ఎక్కువ తగులుతుంది, అంత తొందరగా రంగు వదులుతుంది. తెలుగు ఇల్లాలు డస్టు అడగడం చవక కోసమేనని బెంగాలీ పొరుగువాళ్లు వేళాకోళం చేస్తుంటారు. ఆ వేళాకోళంలో న్యాయం లేదు. సగానికి సగం పాలు పోసి, చక్కెర వేసి, అల్లం దంచి మరిగించే టీకి డస్టే సరైన సరుకు. మన పెద్దవాళ్లు అక్షరాలు చదవకుండానే అది కనిపెట్టారు.

బెంగాలీ ఇంటి పద్ధతి వేరు. ఆకు చా, ఎర్ర చా, నిమ్మరసమూ నల్లుప్పూ వేసిన లేబు చా. డార్జిలింగ్ ఆకును మరిగించరు, కాగిన నీళ్లు దించి ఆకు మీద పోసి మూత పెడతారు. ఖరగ్‌పూర్‌లో మూడు తరాలుగా పక్కపక్క క్వార్టర్లలో ఉన్నవాళ్లు ఒకరి వంట ఒకరు నేర్చుకున్నారు. మన ఇళ్లలో పోస్తో (గసాల కూర) వడ్డిస్తారు, వాళ్ల పిల్లలు గోల్ బజార్ బండి మీద దోశ తిని పెరుగుతారు. టీ దగ్గర మాత్రం రాజీ సగమే కుదిరింది. ఆ సగం పేరు 'మిక్స్'. మూడు పాళ్లు అస్సాం సీటీసీ, ఒక పాలు డార్జిలింగ్ లేదా డువార్స్ ఆకు కలిపించుకుంటారు. గింజ రంగు ఇస్తుంది, ఆకు వాసన ఇస్తుంది. బెంగాలీ ఇంట ఆకు పాలు పెరుగుతుంది, తెలుగు ఇంట డస్టు పాలు పెరుగుతుంది. రెండు ఇళ్ల పిల్లలకు పెళ్లయితే కొట్టతను కొత్త కొలత కనిపెట్టుకోవాలి.

ఈ కలపడం చిన్న విద్యేమీ కాదు. దేశంలోని పెద్ద ప్యాకెట్ కంపెనీలు చేసే పని కూడా ఇదే. వాళ్ల రుచిగాళ్లు ఏడాదంతా ఒకే రుచి వచ్చేలా పది ఇరవై తోటల సరుకు కలుపుతారు. పైగా ప్రాంతానికో రకం: మనవైపు అమ్మే ప్యాకెట్‌లో సన్నటి డస్టు, ఉత్తరాదిలో అమ్మేదాంట్లో గింజ. గోల్ బజార్ కొట్టతను అదే పని ఒక ఇంటి కోసం, ఇంటావిడ ఎదురుగా చేస్తాడు. అది నాకు గౌరవించదగ్గ విషయంగా తోస్తుంది.

రుచి చూసేవాడు ఎక్కడ కూర్చుంటాడు

కొట్టులో సరుకు ఎక్కణ్నుంచి వస్తుంది? డువార్స్, తెరాయి, అస్సాం, డార్జిలింగ్ తోటల నుంచి, చాలా వరకు కలకత్తా, సిలిగురి, గువాహటి వేలం పాటల మీదుగా. కలకత్తాలో మొదటి తేయాకు వేలం 1861 డిసెంబరు 27న జరిగింది. దాన్ని నడిపిన సంస్థ వారసులు జె. థామస్ కంపెనీ. వాళ్ల భవనం పేరు నీల్‌హాట్ హౌస్. టీకి ముందు వాళ్లు వేలం వేసింది నీలిమందు కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. దేశంలో ఏటా సుమారు 130 కోట్ల కిలోల తేయాకు తయారవుతుంది, అందులో ఎక్కువ భాగం మనమే తాగేస్తాం. వేలానికి వచ్చిన ప్రతి లాటునూ బ్రోకర్ల గదుల్లో తెల్ల పింగాణీ కప్పుల బారులు పెట్టి రుచి చూస్తారు. జుర్రున పీల్చి, నాలుక మీద తిప్పి, ఉమ్మేసి, పక్క కప్పుకు కదులుతారు. ఇప్పుడు పాట కంప్యూటర్ల మీద సాగుతోంది గానీ రుచి చూడటం మాత్రం నోటితోనే. కలకత్తాలోని సీడాక్ సంస్థ, జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం కలిసి టీ వాసన పసిగట్టే ఎలక్ట్రానిక్ ముక్కు ఒకటి తయారుచేశాయి. మనుషుల ముక్కులకు ఇంకా పని పోలేదు.

రుచి చూసే పద్ధతికి అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది. ఐఎస్ఓ 3103: నూరు మిల్లీలీటర్ల నీళ్లకు రెండు గ్రాముల టీ, ఆరు నిమిషాలు. దానికి మూలమైన బ్రిటిష్ ప్రమాణం, టీ కాచడం గురించి ఆరు పేజీలు రాసినందుకు 1999లో వెక్కిరింపు నోబెల్ అయిన ఇగ్ నోబెల్ గెలుచుకుంది. నవ్వుకోవచ్చు గానీ, అది చెప్పేది ఒకటే. రెండు టీలు పోల్చాలంటే కొలతలు ఒకటిగా ఉండాలి.

నీల్‌హాట్ నుంచి కాస్త నడిస్తే లాల్‌బజార్, అది దాటితే పాత చైనా బజారు టిరెట్టా. కలకత్తా వెళ్లిన ఖరగ్‌పూర్ వాళ్లు లాల్‌బజార్ వైపు లూజు టీ కొట్లలో ఏడాది సరుకు తెచ్చుకోవడం పాత అలవాటు. లోకల్ రైలెక్కితే 115 కిలోమీటర్లు. టిరెట్టాలో ఇప్పటికీ పొద్దున్నే చైనా పలహారాల బజారు జరుగుతుంది. బెంగాల్లో మొదట స్థిరపడ్డ చైనీయుడిగా చెప్పే యాంగ్ దాజావ్, వారన్ హేస్టింగ్స్‌కు టీ కానుకగా ఇచ్చి, గుర్రం మీద పొద్దు గుంకేలోపు చుట్టొచ్చినంత భూమి పొందాడని ఒక కథ. కథ సంగతి ఎలా ఉన్నా, బజ్‌బజ్ దగ్గర ఆయన వాడుక పేరుమీద అచ్చీపూర్ అనే ఊరుంది, ఆయన సమాధి ఉంది, చైనా కొత్త సంవత్సరానికి కలకత్తా చైనీయులు అక్కడికి వెళ్లి మొక్కుతారు.

చైనాకూ మన కప్పుకూ సంబంధం అక్కడితో ఆగదు. ఈస్టిండియా కంపెనీ కాంటన్ రేవులో తేయాకు కొనేది. దానికి వెండి చాలక, బిహార్‌లో పండించిన నల్లమందును కలకత్తాలో వేలం వేయించి, ఆ డబ్బుతో కొనేది. తర్వాత చైనా నుంచే విత్తనాలూ మొక్కలూ పనివాళ్లనూ తెచ్చి అస్సాంలో, హిమాలయాల్లో తోటలు వేసింది. డార్జిలింగ్‌లో డాక్టర్ క్యాంప్‌బెల్ 1841లో నాటిన విత్తనాలు చైనా జాతివి. ఆ జాతి చెట్లు ఇప్పటికీ అక్కడి పాత తోటల్లో ఉన్నాయి.

ముందు తాగు, తర్వాత బేరమాడు

ఆ కాంటనే నేటి గ్వాంగ్‌జౌ. అక్కడ ముత్యాల నది అవతల ఫాంగ్‌త్సున్ అనే పేట ఉంది. చైనాలో తేయాకు టోకు వ్యాపారానికి అన్నిటికన్నా పెద్ద బజారు అదే. ఒక్క భవనం కాదు, వీధుల మీద వీధులు, వేల దుకాణాలు. బీజింగ్‌లో మాలియెన్‌దావ్ అని ఇంకొక టీ వీధి, అంతస్తుల మీద అంతస్తులుగా కట్టిన తేయాకు మాల్‌లతో నిండి ఉంటుంది. యునాన్ రాజధాని కున్‌మింగ్‌లోనూ పెద్ద బజార్లున్నాయి. ఒక్కో కొట్టు ఒక్కో ప్రాంతం సరుకు పట్టుకుంటుంది. ఒకటి ఫూజియాన్ ఊలాంగ్, ఒకటి హాంగ్‌జౌ లాంగ్‌జింగ్, ఒకటి యునాన్ పూఎర్. చాలా కొట్లు తోటలవాళ్ల బంధువులవి.

కొనేవాడు కొట్టులోకి వెళ్తే మొదట ధర చెప్పరు. మధ్యలో పెద్ద చెక్క బల్ల, దాని మీద నీళ్లు కారిపోయే పళ్లెం, మూతగిన్నె, చిట్టి కప్పులు. కూర్చోమంటారు. చిటికెడు కన్నా ఎక్కువే ఆకు మూతగిన్నెలో వేసి, వేడినీళ్లు పోసి, మొదటి నీళ్లు చాలామంది పారబోస్తారు. రెండోది, మూడోది, అయిదోది అలా పోస్తూ పోతారు. ఒకే ఆకు ఎన్ని నీళ్లకు నిలబడుతుందో అక్కడే తెలిసిపోతుంది. నానిన ఆకును మూత మీద పరిచి చూపిస్తారు: మొగ్గ ఎంత, ముదురాకు ఎంత, చిరిగింది ఎంత. పొద్దుతిరుగుడు గింజలు నములుతూ ఊళ్లో వానల కబుర్లు చెప్పుకుంటారు. తాగి, కొనకుండా లేచిపోయినా తప్పు పట్టరు. పక్క కొట్టులో అదే రకం తాగి పోల్చుకుని, మళ్లీ రావడమే తెలివైన కొనుగోలుదారు పద్ధతి.

అంత మర్యాదగా సాగే చోట మోసం లేదనుకోకండి. పూఎర్‌ను 357 గ్రాముల బిళ్లలుగా ఒత్తుతారు, ఏడు బిళ్లలు ఒక కట్ట. మెంగ్‌హాయి ఫ్యాక్టరీ 7542 అనే బిళ్ల ప్రసిద్ధం. 75 అంటే ఆ పాళ్లు కుదిరిన సంవత్సరం 1975, 4 ఆకు తరగతి, 2 ఆ ఫ్యాక్టరీ సంఖ్య. ఏళ్లు గడిచేకొద్దీ విలువ పెరిగే సరుకు కావడంతో ఫాంగ్‌త్సున్‌లో ఈ బిళ్లల్ని షేర్లలా కొని దాచారు. 2007లో ధర ఆకాశానికెళ్లి కుప్పకూలింది. తాగని టీ మీద అప్పులు చేసినవాళ్లు మునిగారు. కొత్త బిళ్లకు పాత కాగితం చుట్టి అమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లను పట్టుకునే సాధనం మళ్లీ ఆ బల్ల మీది కప్పే.

గోల్ బజార్‌లో ఆ బల్ల ఎందుకు లేదు? కొట్టతను పిసినారి కావడం వల్ల అయితే కాదు. చైనా టీకి వేడినీళ్లు చాలు. మన టీకి పొయ్యి, పాలు, చక్కెర, అల్లం, పదినిమిషాలు కావాలి. ఇంటికో కొలత కాబట్టి కొట్టులో కాచి ఇచ్చినా మన ఇంటి రుచి తెలియదు. ఇంకో కారణం చరిత్రలో ఉంది. మన దేశంలో టీ మొదట ఎగుమతి సరుకుగా, తర్వాత ప్యాకెట్ సరుకుగా పెరిగింది. రుచి చూసే బల్ల తోటకూ వేలానికీ మధ్య, కలకత్తాలో పెద్ద భవనం లోపల పడింది. కొట్టుకూ ఇంటికీ మధ్య పడలేదు. మన తరఫున ఎవరో తాగి ఉమ్మేసిన తర్వాత మిగిలిన నిర్ణయం మన చేతికి ప్యాకెట్ రూపంలో వస్తుంది. లూజు కొట్టులో అరచేతిలో పోయించుకుని వాసన చూసే ఆ బెంగాలీ పెద్దమనిషి, రంగు తేలిపోయిందని తగవు పెట్టే మన అమ్మ, ఇద్దరూ ఆ హక్కులో కొంత వెనక్కి లాక్కుంటున్నవాళ్లే. ప్యాకెట్ మీద తగవు పెడదామంటే ఎదురుగా మనిషే ఉండడు.

ఎర్రమట్టిలో ఒక ప్రయోగం

తోటల్లేవని మొదట్లో అన్నాను గదా, దానికి చిన్న మినహాయింపు ఉంది. 1931 సెప్టెంబరులో ఇద్దరు రాజకీయ ఖైదీలను కాల్చి చంపిన, ఈ ఊళ్లోనే ఉన్న హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలోనే 1951లో దేశంలోని మొదటి ఐఐటీ మొదలైంది. ఆ ప్రాంగణంలో వ్యవసాయ, ఆహార ఇంజినీరింగ్ విభాగం వాళ్లు ఈ ఎర్రమట్టి నేలలో తేయాకు పెంచి చూశారు. చల్లటి కొండా లేదు, ఏడాది పొడుగునా వానా లేదు. అయినా మొక్క బతికింది, ఆకు వచ్చింది. అది గోల్ బజార్ డబ్బాల్లోకి ఎక్కలేదు. ఎక్కి ఉంటే ఖరగ్‌పూర్ వాళ్లు దాన్ని ఎంత గర్వంగా సామర్లకోటకూ పలాసకూ మోసేవాళ్లో!

మోసుకెళ్లడం గురించే చివరగా కొంత చెప్పాలి. సెలవులకు కోరమండల్, ఫలక్‌నుమా, ఈస్ట్ కోస్ట్ ఎక్కే ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల సంచుల్లో టీపొడి పొట్లం తప్పనిసరి. ఊళ్లో అడిగేది కూడా అదే: "మీ కలకత్తా టీపొడి తెచ్చీరా?" అలా తేవాలనుకునేవాళ్లూ, దారిలో దిగి కొనాలనుకునేవాళ్లూ గుర్తుంచుకోవలసినవి ఇవి.

తోట పేరు అడగండి, దానికన్నా ముందు నెల అడగండి. వానకాలం ఆకు రాశిలో ఎక్కువ, సత్తువలో తక్కువ. మే, జూన్‌లో కోసిన అస్సాం సరుకు పాలకు బాగా నిలుస్తుంది. సబ్బులు, అగరొత్తులు, జీలకర్ర పక్కపక్కనే పెట్టుకున్న కిరాణాలో లూజు టీ కొనకండి, తేయాకు పక్కవాటి వాసనంతా పీల్చేస్తుంది. గింజను వేళ్ల మధ్య నలిపి చూడండి. విరిగితే పొడిగా ఉన్నట్టు, మెత్తగా అణిగితే తేమ తాగినట్టు. బెంగాల్ వానకాలంలో మూత సరిగా పెట్టని డబ్బా నెల తిరక్కుండా చెడిపోతుంది. అనుమానంగా ఉంటే తడి ఫిల్టరు కాగితం మీద చిటికెడు చల్లండి. వేసీ వేయగానే రంగు మరకలు పాకితే అందులో కలిపిన రంగుంది. ఇనుప రజను ఉందేమో అయస్కాంతం చెబుతుంది. మొదటిసారి నూరేసి గ్రాములు రెండు రకాలు కొని, ఇంట్లో ఒకే కొలతతో కాచి, నచ్చినదానికి వారం తర్వాత వెళ్లండి. ఏ కొట్టతనూ దీనికి చిన్నబుచ్చుకోడు.

డార్జిలింగ్ విషయంలో ఇంకొంచెం జాగ్రత్త. 2004లో దేశంలోనే మొదటి భౌగోళిక గుర్తింపు పొందిన సరుకు అది. ఆ పేరు వాడుకునే హక్కు 87 తోటలదే. దిగుబడి ఏటేటా పడిపోయి ఈ మధ్య ఏళ్లలో అరవై లక్షల కిలోల చుట్టుపక్కల ఆగింది, నేపాల్ ఆకు కూడా ఆ పేరుతో బజార్లో తిరుగుతోంది. బాగా చవకగా దొరికే డార్జిలింగ్‌ను నమ్మడానికి కారణం లేదు. నిజమైనది కొన్నా దాన్ని పాలల్లో పడేసి పావుగంట మరిగించేవాళ్లు మన చుట్టాల్లో బోలెడుమంది. వాళ్ల కోసం ఆ డబ్బు వృథా చేయకండి. దాంతో రెండు మూడు కిలోల మంచి అస్సాం డస్టు వస్తుంది. అదే పట్టుకెళ్లండి.